చెయ్యి వదలడం నేర్పే చదువు

మా వైపు వేలూరు ఆసుపత్రికని కాట్పాడిలో రైలు దిగని కుటుంబం అరుదు. చిత్తూరు, నెల్లూరు వాళ్లకు వేలూరు సీఎంసీ అంటే ఆపరేషన్లే గుర్తొస్తాయి. ఊరవతల బాగాయంలో 1966లో తెరిచిన పునరావాస కేంద్రం సంగతి తెలిసినవాళ్లు తక్కువ. దానికి ఈ ఏడాదితో 60 ఏళ్లు.

ఆ కేంద్రం డాక్టర్ మేరీ వర్గీస్ చలవ. 1954 జనవరిలో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని ఆమెకు నడుం కింద భాగం చచ్చుబడింది. అప్పటికి 30 నిండలేదు. కుష్ఠుతో వంకర్లుపోయిన చేతుల్ని సరిచేస్తున్న డాక్టర్ పాల్ బ్రాండ్, ఆ పని కూర్చునీ చేయొచ్చన్నారు. చక్రాల కుర్చీలోంచే ఆమె కత్తి పట్టారు. పెర్త్‌లో తానే రోగిగా ఉండి కుర్చీ బతుకు నేర్చుకున్నారు, న్యూయార్క్‌లో పునరావాస వైద్యుడు హోవర్డ్ రస్క్ దగ్గర చదువుకున్నారు, తిరిగొచ్చి 1963 నుంచి సీఎంసీలో పునరావాస విభాగాన్ని నడిపారు. 1972లో పద్మశ్రీ వచ్చింది.

బ్రాండ్ ఆపరేషన్లలో సగం పని మా ఫిజియోథెరపిస్టులదే. ఉంగరం వేలిని ముడిచే స్నాయువును పాయలుగా చీల్చి నాలుగు వేళ్లకూ కుడతారు. కట్టు విప్పాక ఆ కండరానికి కొత్త కొలువు నేర్పాలి. ‘ఉంగరం వేలు ముడువు’ అంటే వేళ్లు నాలుగూ మొదళ్ల దగ్గర వంగి, చివర్లు చాచుకుంటాయి. రోగి బిత్తరపోతాడు. స్పర్శ ఉండదు కాబట్టి చేతిని కళ్లతోనే నడిపించాలి. రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని వారాలు! మర్దన చేసేవాళ్లమని మమ్మల్ని అనుకునేవాళ్లు ఒక్క పూట మా వ్యాయామ బల్ల పక్కన కూర్చుంటే బాగుండు.

మా రోజుల్లో ఫిజియోథెరపీ డిగ్రీ నాలుగున్నరేళ్లు, ఆపైన పీజీ, అంటే ఎంపీటీ, రెండేళ్లు.

ఎంపీటీ మొదటి ఏడాది, వేరే ఊరి ఆసుపత్రిలో, చెట్టు మీంచి పడ్డ ఒక పెద్దాయన్ని మంచం మీంచి కుర్చీలోకి మార్చాలి. నడుం పట్టి ఒక్క ఎత్తున కూర్చోబెట్టేశాను, భేష్ అనుకున్నాను. ఆయన ఊపిరి తీసుకుని, ‘ఇంటికాడ నువ్వుండవు గదమ్మా’ అన్నాడు.

అప్పటికి పుస్తకంలో చదివిందంతా ఉంది: కుర్చీ బ్రేకు వేయాలి, చేతిపట్టె తీయాలి, పిడికిళ్లు ఆనించి ఒంటిని లేపాలి, తల ఒక పక్కకు వంచితే పిరుదులు రెండో పక్కకు జరుగుతాయి. లేనిదల్లా నా చేతికి ఓపిక. మనిషి ఊగిసలాడుతుంటే రెండంగుళాల దూరంలో చేతులు ఉంచి, తాకకుండా ఉండటం నేర్చుకోవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. వెన్నుపాము దెబ్బతిన్న గురువు కింద మొదలైన విభాగంలో ఈ పాఠం విడిగా చెప్పాల్సిన పని ఉండి ఉండదనుకుంటాను.

బాగాయంలో రిహాబ్ మేళా అని ఒకటి జరుగుతుంది. వెళ్లిపోయిన రోగులు తిరిగొస్తారు, ఆటలాడతారు, పరీక్షలు చేయించుకుంటారు. అక్కడుండే పీజీ విద్యార్థులకు నాదొక మాట. కేసుషీటు తెరవకముందు అరచేతులు చూడండి. చక్రం తిప్పి కాయలు కాశాయా, మెత్తగా ఉన్నాయా? కుర్చీ బజారుకు వెళ్తోందో, ఇంట్లో బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తోందో అక్కడే తెలిసిపోతుంది.