ఇంటి షెడ్డులో పుట్టే స్పోర్ట్స్ కారు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తొలి ఏళ్లలో బ్రిటన్‌లో కొత్త కారు దొరకడం గగనం. ఫ్యాక్టరీల్లో తయారైన వాటిలో చాలావరకు విదేశీ మారకం కోసం ఓడలెక్కేవి. ఉత్సాహం నిండుగా, జేబు ఖాళీగా ఉన్న కుర్రాళ్లకు దిక్కు పాత ఆస్టిన్ సెవెన్. 747 సీసీ ఇంజనుతో 1922 నుంచి 1939 దాకా ఆ చిన్న కార్లు దాదాపు 2,90,000 తయారయ్యాయి. వాటిలో చాసిస్ వేరు, బాడీ వేరు. బాడీ తుప్పు పట్టి పాడైనా బోల్టులు విప్పి ఎత్తేస్తే కింద చాసిస్, ఇంజను, చక్రాలు పనికొచ్చే స్థితిలోనే ఉండేవి. దాని మీద తేలికైన రేకు బాడీ ఒకటి బిగిస్తే ఆదివారం పందేలకు బండి సిద్ధం. ఇలాంటి వాటిని ‘స్పెషల్’ అనేవారు. ఆస్టిన్ సెవెన్ అభిమానుల కోసం 1939లో పుట్టిన 750 మోటార్ క్లబ్ ఈ స్పెషళ్లకు పుట్టిల్లు.

కోలిన్ చాప్‌మన్ కూడా ఆ దారిలోనే వచ్చాడు. లండన్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న రోజుల్లో, తాను ప్రేమించిన హేజెల్ వాళ్ల ఇంటి వెనక గ్యారేజీలో ఒక పాత ఆస్టిన్ సెవెన్ విప్పి 1948లో తొలి కారు తయారుచేశాడు. 1952లో లోటస్ ఇంజనీరింగ్ కంపెనీ పెట్టాక అమ్మకానికి తెచ్చిన మార్క్ సిక్స్‌తో మరో అడుగు ముందుకు వేశాడు. ఈసారి చట్రమే సొంతం. సన్నటి ఉక్కు గొట్టాలను త్రికోణాలు వచ్చేలా వెల్డింగ్ చేసిన చట్రం అది. నాలుగు కడ్డీలతో అతికిన చతురస్రాన్ని పక్కకు తోస్తే ఒరిగిపోతుంది. మూల నుంచి మూలకు ఇంకొక్క కడ్డీ అతికితే ఎంత తోసినా కదలదు. బరువు పెంచకుండా బలం తెచ్చే ఉపాయం అంతా అక్కడే ఉంది. ఇంజను, గేరుబాక్సు, ఇరుసు మామూలు ఫోర్డ్ కార్లవి.

ఈ కారును పూర్తిగా బిగించి కాక, విడిభాగాల ‘కిట్’గా అమ్మడానికి అసలు కారణం పన్ను. బిగించిన కొత్త కారు మీద బ్రిటన్‌లో పర్చేజ్ ట్యాక్స్ భారీగా ఉండేది. విడిభాగాల మీద ఉండేది కాదు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ ధర పన్నుతో కలిపి 1,036 పౌండ్లు. అదే కారును భాగాలుగా తీసుకెళ్లి ఇంట్లో బిగించుకుంటే 536. దాదాపు సగం మిగులు! చట్టం మాత్రం ఒక మెలిక పెట్టింది: భాగాలతో పాటు, వాటిని ఎలా బిగించాలో చెప్పే సూచనలు ఇవ్వకూడదు. దానికి విరుగుడుగా లోటస్ వాళ్లు కారును ఎలా విప్పాలో చెప్పే కాగితం ఇచ్చేవారనీ, కొన్నవాళ్లు దాన్ని కింది నుంచి పైకి చదువుకునేవారనీ చెప్తారు. 1973 ఏప్రిల్‌లో పర్చేజ్ ట్యాక్స్ పోయి వ్యాట్ వచ్చింది. కిట్లకున్న వెసులుబాటు దాంతో ముగిసింది. అదే ఏడు లోటస్ తన సెవెన్ హక్కులను గ్రాహమ్ నియర్న్ నడిపే కేటర్‌హామ్ సంస్థకు అప్పగించింది. 1967 నాటి ‘ద ప్రిజనర్’ టీవీ సీరియల్‌తో ఇంటింటికీ తెలిసిన ఆ కారు కేటర్‌హామ్ చేతిలో బతికింది, బాగుపడింది. దాంతో పాటు ఖరీదూ పెరిగింది. పేదవాడి పందెపు బండిగా పుట్టింది కలిగినవాళ్ల ముచ్చటగా మారింది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచేవి రెండు పుస్తకాలు. సిలోన్ తేయాకు తోటలో పుట్టి, చదువు కోసం ఇంగ్లండు వచ్చిన జాన్ హేన్స్ బడి పిల్లవాడిగానే ఒక ఆస్టిన్ సెవెన్ స్పెషల్ తయారుచేశాడు. ఎలా చేశాడో వివరంగా రాసి 1956లో చిన్న పుస్తకం అచ్చువేస్తే, 250 ప్రతులు పది రోజుల్లో అమ్ముడుపోయాయి. కారు రిపేరు పుస్తకాలతో లోకమంతా పేరు తెచ్చుకున్న హేన్స్ ప్రచురణ సంస్థకు బీజం అదే. సరిగ్గా 40 ఏళ్లకు, 1996లో, అదే సంస్థ ఔండిల్ స్కూల్ టీచరు రాన్ ఛాంపియన్ పుస్తకం వేసింది. 250 పౌండ్లకే మీ స్పోర్ట్స్ కారు మీరే తయారుచేసుకోండి అన్నది దాని పేరులోని హామీ.

ఛాంపియన్ కిట్ అమ్మలేదు, లోటస్ సెవెన్ తరహా కారుకు కొలతలు ఇచ్చారు. అంగుళం చదరపు ఉక్కు గొట్టం ఎక్కడెక్కడ ఎంత పొడవు కోయాలి, ఏ కోణంలో కోయాలి అన్నదంతా బొమ్మలతో సహా పుస్తకంలోనే ఉంది. చదునైన చెక్కపలక మీద గీతలు గీసుకుని, కోసిన ముక్కలు దాని మీద పేర్చి, ముందు అన్ని కీళ్లకూ టాకులు వేయాలి. చట్రం మొత్తం నిలబడ్డాకే పూర్తి వెల్డింగ్. తొందరపడి ఒక మూల ముందే ముగిస్తే వేడికి గొట్టాలు వంకరపోతాయి. చట్రానికి అల్యూమినియం రేకులు రివెట్లతో బిగించాలి. మిగతా సరంజామా ఒక పాత ఫోర్డ్ ఎస్కార్ట్ నుంచి వస్తుంది: ఇంజను, గేరుబాక్సు, వెనక ఇరుసు, బ్రేకులు. ఆ 250 పౌండ్ల లెక్క అందరికీ కుదిరేది కాదు. తుక్కు బేరం తెలియాలి, వెల్డింగ్ చేతకావాలి, కొనే బదులు చేసుకునే ఓపిక ఉండాలి. అయినా ‘లోకోస్ట్’ అని పేరుపడ్డ ఈ కార్లు ఎన్నో షెడ్లలో తయారయ్యాయి. 750 మోటార్ క్లబ్ వీటికి ప్రత్యేకంగా పందేల సిరీస్ కూడా నడిపింది. లోటస్ అందించిన వెసులుబాటు పన్ను చట్టం మీద ఆధారపడింది కాబట్టి చట్టం మారగానే పోయింది. ఛాంపియన్ ఇచ్చింది పనితనం. దాన్ని ఏ చట్టమూ వెనక్కి తీసుకోలేకపోయింది.

నిబంధనలు మాత్రం గట్టిపడ్డాయి. 1998 నుంచి ఇంట్లో కట్టిన కారు రోడ్డెక్కాలంటే ప్రత్యేక తనిఖీ నెగ్గాలి. 2009లో దాని స్థానంలో ఐవీఏ పరీక్ష వచ్చింది. బ్రేకులు, దీపాలు, పొగ, శబ్దంతో పాటు, మనిషికి తగిలే బయటి అంచులు పదునుగా లేకుండా గుండ్రంగా ఉన్నాయో లేదో కూడా చూస్తారు. ఇందుకయ్యే ఖర్చు బడ్జెట్‌ను తినేసే మాట నిజమే. కానీ ఎవరో షెడ్డులో అతికిన కారు పక్కింటి పిల్లలు ఆడుకునే వీధిలోనే తిరుగుతుంది కనుక ఆ పరీక్ష ఉండాల్సిందే.

తుక్కు కారు దొరకడమూ కష్టమైంది. 1980లో వచ్చిన కొత్త ఎస్కార్ట్‌లో ఇంజను అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పేది. సెవెన్ నమూనాకు కావలసింది నిలువుగా కూర్చుని వెనక చక్రాలను నడిపే ఇంజను. పాత ఎస్కార్ట్‌లనేమో పాతకార్ల ప్రియులు ఎగబడి కొనడం మొదలుపెట్టారు. అందుకే 2007లో క్రిస్ గిబ్స్ అదే హేన్స్ సంస్థకు రాసిన పుస్తకంలో ఫోర్డ్ సియెరా భాగాలకు సరిపడేలా కొత్త చట్రం గీశారు. ఇప్పుడు సియెరాలూ అరుదయ్యాయి. బాడీ తుప్పు పట్టినా ఇంజను గట్టిగా ఉండే మజ్దా ఎంఎక్స్-5 కోసం కొలతలు మళ్లీ సరిచేసుకుని గొట్టాలు కోస్తున్నారు.