పొయ్యి దగ్గరి పాఠం: అంధ యువత వంట శిక్షణ చరిత్ర

1785లో వలాంతాన్ ఆవీ పారిస్‌లో తెరిచిన అంధుల పాఠశాల మొదలుకొని, పాశ్చాత్య దేశాల తొలి అంధ విద్యాలయాలు చదువుకు, సంగీతానికి, బుట్టలల్లడం వంటి చేతిపనులకు పెద్దపీట వేశాయి. అయితే చూపులేనివారు కత్తి, నిప్పు ముట్టుకోరాదన్న భయం ఇళ్లలో పాతుకుపోయి ఉండేది; ఆ భయం ప్రేమ ముసుగులో వచ్చేది కనుక దాన్ని ఎదిరించడం మరీ కష్టం.

పుట్టు అంధుడైన కెనెత్ జెర్నిగన్ 1958లో అమెరికాలోని అయోవా రాష్ట్ర అంధుల కమిషన్ బాధ్యతలు చేపట్టి, బ్రెయిలీ, చేతికర్ర నడకలతో పాటు వంటనూ శిక్షణలో భాగం చేశారు. కొద్దిపాటి చూపు మిగిలినవారు స్లీప్‌షేడ్, అంటే కళ్లను పూర్తిగా కప్పే పట్టీ, కట్టుకొని నేర్చుకునేవారు. ఇటువంటి శిక్షణలో బర్నరు వెలిగించకముందే గిన్నెను దాని మధ్యకు జరిపి తడిమి చూసుకుంటారు, స్టవ్ మీటలకు ఉబ్బెత్తు చుక్కలు అతికిస్తారు, వేపుడు ఎంతవరకు వచ్చిందో నూనె చప్పుడు మారడాన్ని బట్టి, వాసనను బట్టి, గరిటెకు తగిలే మెత్తదనాన్ని బట్టి తెలుసుకుంటారు. పోపు చిటపటలను చెవితోనే పసిగట్టే తెలుగిళ్లలో ఇది వింతగా తోచకూడదు.

జెర్నిగన్ దగ్గర శిక్షణ పొందిన జోయాన్ విల్సన్ 1985లో రస్టన్ పట్టణంలో లూసియానా సెంటర్ ఫర్ ద బ్లైండ్‌ను స్థాపించారు; అక్కడ శిక్షణ ముగించే విద్యార్థి 40 మందికి భోజనం వండి వడ్డించాలి.