ఒక్క డాకర్ కమాండ్ వెనుక 40 ఏళ్ల కథ

మీలో చాలామంది "డాకర్ రన్ ఇంజిన్‌ఎక్స్" అని ఎప్పుడో ఒకప్పుడు కొట్టే ఉంటారు. ఎంటర్ నొక్కగానే ఒక చిన్న సర్వర్ రెడీ. దాన్ని ప్రాక్సీగా పెట్టుకుంటే, బయటి నుంచి వచ్చే ప్రతి రిక్వెస్ట్‌ని ముందు తనే అందుకుని, వెనకున్న మన యాప్‌కి చేరవేస్తుంది. ఇంత తేలిగ్గా ఎలా అవుతోంది? దీని వెనక రెండు వేర్వేరు చరిత్రలు ఉన్నాయి.

మొదటిది ప్రాక్సీ కథ. 1999లో డాన్ కెగెల్ అనే ఇంజినీర్ ఒక ప్రశ్న లేవనెత్తాడు: ఒకే మెషిన్ ఒకేసారి 10,000 మంది క్లయింట్లని ఎందుకు మోయలేకపోతోంది? దీన్నే సి10కె ప్రాబ్లమ్ అంటారు. అప్పట్లో అపాచీ ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్‌ని కేటాయించేది. అంటే మన టిఫిన్ సెంటర్‌లో ఒక్కో కస్టమర్ పక్కన ఒక్కో సర్వర్ నిలబడి, ఆయన తినడం అయ్యేదాకా కదలకపోవడం లాంటిది. ఓనర్‌కి జీతాలకే దివాలా! నిజానికి ఏం జరుగుతుంది? ఒకే మనిషి ఇక్కడ ఇడ్లీ పెట్టి, అక్కడ నీళ్లు పోసి, ఇంకో టేబుల్‌కి బిల్లు తెస్తాడు.

మాస్కోలోని రాంబ్లర్ కంపెనీలో సిస్టమ్ అడ్మిన్‌గా ఉన్న ఇగోర్ సిసోయెవ్ ఇదే పద్ధతిలో 2002లో కోడ్ రాయడం మొదలుపెట్టాడు. 2004 అక్టోబర్‌లో ఇంజిన్‌ఎక్స్‌ని అందరికీ విడుదల చేశాడు. కొద్దిపాటి వర్కర్ ప్రాసెస్‌లతోనే వేల కనెక్షన్లు!

రెండోది కంటైనర్ కథ. 1979లో యూనిక్స్‌లోకి సీహెచ్‌రూట్ వచ్చింది. ఒక ప్రాసెస్‌కి ఒక ఫోల్డర్‌నే మొత్తం ప్రపంచంలా చూపిస్తుంది. 2000లో ఫ్రీబీఎస్‌డీ జైల్స్ వచ్చాయి. 2008లో గూగుల్ ఇంజినీర్లు మొదలుపెట్టిన సీగ్రూప్స్ లినక్స్‌లో చేరి, ఎవరికి ఎంత మెమరీ, ఎంత సీపీయూ అనే లెక్క పెట్టాయి. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ పైకాన్‌లో అయిదు నిమిషాల్లో డాకర్‌ని చూపించాడు.

ఈ రెండూ కలిసిన చోట ఒక చిక్కు ఉంది. పాతకాలం సర్వర్లకి స్టార్ట్ కాగానే బ్యాక్‌గ్రౌండ్‌లోకి జారుకోవడం అలవాటు. కంటైనర్ మాత్రం తన మొదటి ప్రాసెస్ ఉన్నంతసేపే బతుకుతుంది. ఇంజిన్‌ఎక్స్ బ్యాక్‌గ్రౌండ్‌కి వెళ్తే, ఎర్రర్ కూడా చూపించకుండా కంటైనర్ ఆగిపోతుంది. అందుకే అఫీషియల్ ఇమేజ్‌లో "డేమన్ ఆఫ్" అని పెట్టారు. సొంతంగా ఆల్పైన్ లాంటి 10 ఎంబీ లోపు బేస్ మీద ఇమేజ్ కట్టుకుంటే ఈ లైన్ మర్చిపోకండి.

ఇప్పుడు అసలు మలుపు. 2019 మార్చిలో ఎఫ్5 కంపెనీ ఇంజిన్‌ఎక్స్‌ని 67 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. అదే డిసెంబర్‌లో మాస్కో ఆఫీసులో పోలీసు సోదాలు! "మా ఉద్యోగిగా ఉన్నప్పుడు రాశాడు కాబట్టి కోడ్ మాదే" అన్నది రాంబ్లర్ వాదన. కొద్ది రోజుల్లోనే ఆ క్రిమినల్ కేసు వద్దనుకున్నా, హక్కుల గొడవ అమెరికా కోర్టు దాకా వెళ్లింది.

అన్ని రోజులూ ప్రపంచమంతా ఆ ప్రాక్సీలు మాత్రం ఆగలేదు. సిసోయెవ్ ఇచ్చిన బీఎస్‌డీ లైసెన్స్ వల్ల ఎవరైనా వాడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. మీరు జాబ్ చేస్తూ రాత్రిళ్లు సైడ్ ప్రాజెక్ట్ రాస్తున్నారా? ఈరోజే మీ ఆఫర్ లెటర్‌లో కోడ్ ఎవరిదో చెప్పే పేరా తీసి చదవండి.