రాయలసీమ అస్తిత్వం: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల సాక్ష్యం

ప్రాంతీయ అస్తిత్వాలకు మూలం సర్వత్రా ఒకటి కాదు. 1714లో బార్సిలోనా పతనానంతరం స్వీయ పాలనా సంస్థలను కోల్పోయిన కాటలోనియాలో భాష ఆ అస్తిత్వానికి ప్రధానాధారమైంది. రాయలసీమకు కోస్తాంధ్రతో ఉన్న ఉమ్మడి బంధమే తెలుగు. కనుక ఇక్కడి ప్రత్యేకతకు కారణాన్ని భాషకు వెలుపల వెదకవలసి ఉంటుంది.

1800లో నిజాం బ్రిటిష్ వారికి అప్పగించిన దత్త మండలాలకు 1928 నంద్యాల సభలో 'రాయలసీమ' అనే పేరు వచ్చింది. అయితే అప్పగింత ఒక్కటే ఈ అస్తిత్వాన్ని నిర్ణయించలేదు. 1911కు పూర్వం మదనపల్లె కడప జిల్లాలోనిది. పుంగనూరు, కంగుంది (కుప్పం) జమీందారీలు దత్త మండలాలలో లెక్కకు రాని ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. ఆ ఏడు చిత్తూరు జిల్లా ఏర్పడడంతో ఇవి ఒక్కచోటికి చేరాయి. తమిళ, కన్నడ సీమల సరిహద్దున ఉన్న కుప్పం సైతం నేడు రాయలసీమగానే పరిగణన పొందుతున్నది.

వీటిని కలిపినది నీటి కొరత, రాజకీయ హామీల చరిత్ర. 1937 శ్రీబాగ్ ఒడంబడిక సాగునీటిలో ప్రాధాన్యాన్ని వాగ్దానం చేసింది. 1953లో కర్నూలుకు దక్కిన రాజధాని 1956లో హైదరాబాదుకు తరలిపోయింది. హంద్రీ-నీవా పథకంలోని పుంగనూరు, కుప్పం ఉపకాలువలను ఈ నేపథ్యంలో చూడాలి. రాయలసీమ వాదంలో వేర్పాటు కంటె ఒప్పందాల అమలుకై సాగిన డిమాండే ప్రాచీనం.