నేల యుసిరిక యేది?

అమరకోశము వల్లించు బాల్యమున “తామలకి” యను పేరు నా నోటికి వచ్చినది. మొక్క మాత్రము కంటబడలేదు. శ్లోకము తప్పినచో బెత్తము లేచెడిది గాని, తామలకిని చూపుమని నన్నెవ్వరు నడుగలేదు. అది మన చేని గట్టున మొలచు నేల యుసిరికయే యని పదియేండ్ల పిమ్మట, పసరు మందు లెరిగిన యొక అవ్వ చూపగా తెలిసికొంటిని.

శ్రోతలారా, మన అనంతపురము సీమలో ఏడాదికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లే. తొలకరి పడినంతనే ఈ మొక్క జానెడు మూరెడు లేచి, తేమ ఆరిన కొలది ఎండిపోవును. కామెర్లకు మందని దానిని నీడ నెండబెట్టి దాచుకొందురు. పొడియైన పిమ్మట ఏది యేదో ఎవరు చెప్పగలరు? పచ్చిగా నున్నప్పుడే గుర్తెరుగవలయును.

ఎర్ర యుసిరిక కాండము ఎరుపు. కాయ గరుకుగా, తొడిమ లేనట్లే రెమ్మ నంటియుండును. నేల యుసిరిక కాయ నున్నన. సన్నని తొడిమతో ఆకు క్రింద వ్రేలాడును. వీనిని మన స్త్రీలు కలుపు తీయుచునే వేరుచేయగలరు. చిక్కంతయు పచ్చని జాతులతోనే. అందు చిక్కుకొన్నవారు సామాన్యులు గారు.

1753లో స్వీడను దేశపు లిన్నేయసు “ఫిల్లాంథస్ నిరూరి” యను పేరు పెట్టెను. 1887లో హుకరు దొర తన బ్రిటిషు ఇండియా వృక్షగ్రంథమున మన మొక్కకును ఆ పేరే వ్రాసెను. వైద్యగ్రంథములు దానినే అనుసరించినవి. 1950ల దశకమున వెబ్‌స్టరు అను అమెరికా పండితుడు, అసలు నిరూరి అమెరికా ఖండపు మొక్క యని తేల్చెను. మిత్రా, జైను అను మన శాస్త్రజ్ఞులు 1985వ సంవత్సరపు సంపుటమున, మన గ్రంథములలోని నిరూరి అమారస్, ఫ్రాటెర్నస్, డెబిలిస్ అను మూడు జాతుల కలగాపులగమని స్పష్టపరచిరి.

వీనిని విడదీయు గుర్తు కాయ మొదటనే యున్నది. రెమ్మను వెల్లకిల త్రిప్పి, భూతద్దముతో కాయ క్రింద నిలిచిన చిరురేకులను లెక్కింపుడు. సాధారణముగా అమారసుకు ఐదు. తక్కిన రెంటికిని ఆరు. ఇంత చిన్న లెక్క పెద్ద గ్రంథములకు నూరేండ్లు తప్పినది!

1988లో మదరాసున హెపటైటిసు-బి వైరసు గలవారిలో 37 మందికి అమారసు పొడి నీయగా, 22 మంది రక్తమున ఆ వైరసు గుర్తు మాయమైనదని ప్రకటించిరి. ఇతర దేశములందలి పరీక్షలలో అట్టి ఫలము కనబడలేదు. కావున కామెర్ల రోగిని ముందుగా వైద్యశాలకే కొనిపోవలయును. మూలిక నిచ్చువారిని మాత్రము ఎండుపొడి గాక, కాయతోడి పచ్చి రెమ్మను చూపుమని యడుగుడు.