వెనకవైపు పాటలకు ఆరు వైపులు

1995 ఆగస్టు. ఇంగ్లండు ఎండకు మాడిపోతోంది. లండన్ పార్కుల్లో గడ్డి గోధుమరంగుకు తిరిగింది. మీరు అద్దెగది కిటికీ బార్లా తెరిచి నేల మీదే కూర్చున్నారు. ఒళ్లో బరువైన కవరు. ఇంగ్లిష్ పాప్ జంట పెట్ షాప్ బాయ్స్ కొత్త సంకలనం ‘ఆల్టర్నేటివ్’ ఇది. సీడీలు ఏ దుకాణంలోనైనా దొరుకుతున్నాయి. మీరు వెతికి పట్టుకున్నది తక్కువ సంఖ్యలో వేసిన వినైల్, మూడు ప్లేట్లు. మొత్తం 30 పాటలు. అన్నీ 1985 నుంచి 1994 దాకా వచ్చిన సింగిల్స్ వెనకవైపు పడినవే.

మొదటి ప్లేటు లోపలి కవరులోంచి చిటపటమంటూ బయటికి వస్తుంది. వేళ్లు గాడికి తగలకుండా అరచేతుల మధ్య అంచులు పట్టుకుని టర్న్‌టేబుల్ మీద దించుతారు. బ్రష్షుతో ఒకసారి దుమ్ము తీస్తారు. ముల్లు వాలుతుంది. సన్నటి గరగర, ఆ వెంటనే ‘ఇన్ ద నైట్’.

బీటు వినగానే కాలు కదులుతుంది. ఇదే పాటకు చేసిన రీమిక్సును బీబీసీ తన ‘ద క్లోత్స్ షో’ కార్యక్రమానికి సంగీతంగా వాడుకుంది, కాబట్టి బాణీ మీ చెవికి కొత్త కాదు. కానీ పాట ఫ్యాషన్ గురించి కాదు. నాజీలు ఆక్రమించుకున్న పారిస్ వీధుల్లోకి తీసుకెళుతుంది మిమ్మల్ని. అక్కడ పొడుగాటి కోట్లు వేసుకుని, జుట్టు పెంచుకుని, జాజ్ వింటూ తిరిగే కుర్రాళ్లున్నారు. వాళ్లని జాజూలు అనేవారు. జర్మన్ల పక్షం చేరలేదు, ప్రతిఘటన దళాల్లోనూ కలవలేదు. యుద్ధం నడుస్తుండగా తమకు నచ్చినట్టు బట్టలు వేసుకుని డాన్సు చేశారు. అది ధైర్యమా, తప్పించుకోవడమా? గాయకుడు నీల్ టెనెంట్ గొంతు ఆ ప్రశ్నను మీ ముందు పెట్టి తీర్పు చెప్పకుండా నిలబడుతుంది. 1985లో మొదటిసారి వచ్చినప్పుడు ‘ఆపర్చూనిటీస్’ సింగిల్‌ను పట్టించుకున్నవాళ్లు లేరు. దాని వెనకవైపు ఉన్న పాట ఇది. ముందువైపే వినని జనం వెనక్కి తిప్పి చూస్తారా? అయినా ఇంత ఆలోచన పెట్టి రాశారు. నాకు ఈ బ్యాండ్ మీద గౌరవం మొదలయ్యేది ఇక్కడే.

పాట నడుస్తుండగానే ఇంకో నాలుగేళ్లు వెనక్కి రండి. 1981 ఆగస్టు 19, చెల్సీలో కింగ్స్ రోడ్డు. ఒక హైఫై దుకాణం. కౌంటర్ దగ్గర ఇరవై ఏడేళ్ల నీల్ నిలబడ్డాడు. పుస్తక ప్రచురణ సంస్థలో ఉద్యోగం, ఇంట్లో కొర్గ్ సింథసైజరు. దానికి కావలసిన తీగ కోసం వచ్చాడు. దుకాణదారు దాన్ని సోల్డరింగ్ చేస్తుంటే పక్కనున్న ఇరవై ఒక్కేళ్ల కుర్రాడితో మాట కలిసింది. ఆ కుర్రాడు బ్లాక్‌పూల్ నుంచి వచ్చిన ఆర్కిటెక్చర్ విద్యార్థి, పేరు క్రిస్ లో. మాటలు డాన్సు సంగీతం మీదకు మళ్లాయి. రేడియోలో చిన్నచూపు చూసే డిస్కో పాటలంటే ఇద్దరికీ ప్రాణం. మీరు ఆ దుకాణంలో నిలబడి ఉంటే వీళ్లలో ఎవరినీ రెండోసారి చూసి ఉండరు. అయిదేళ్లు తిరక్కుండానే, 1986 జనవరిలో, వీళ్లిద్దరి ‘వెస్ట్ ఎండ్ గర్ల్స్’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది.

సింగిల్ అంటే ముందువైపు మీద అందరి కళ్లూ ఉంటాయి. రేడియో వాళ్లు ఏమంటారో, కంపెనీ ఏమంటుందో, పట్టికలో ఎక్కడ నిలుస్తుందో అన్న బెంగంతా ఆ వైపుదే. వెనకవైపును ఎవరూ పరీక్షించరు. త్వరగా చేయాలి, కొత్తగా ఉండాలి, అంతే. అందుకే చాలా బ్యాండ్లు అక్కడ పనికిరాని ముక్కలు వేసి చేతులు దులుపుకున్నాయి. వీళ్లిద్దరూ ఆ నిఘా లేని చోటును తమ ప్రయోగశాలగా వాడుకున్నారు.

మన ఇళ్లలో సినిమా పాటల ప్లేట్లు తిప్పి వేసిన పెద్దవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. ఊరంతా పాడుకున్న పాట ఒకవైపు ఉంటే, ఇంట్లో ఒక్కరికే ఇష్టమైన పాట రెండోవైపు ఉండేది.

‘పానినారో’ మొదలవుతోంది. స్పీకరు దగ్గరికి జరగండి. స్టేజీ మీద కీబోర్డు వెనక టోపీ పెట్టుకుని, నవ్వకుండా, నోరు విప్పకుండా నిలబడే క్రిస్ లో ఈ పాటలో మాట్లాడతాడు. పాడటం కాదు, తనకు ముఖ్యమనిపించిన మాటలను ఒకటొకటిగా అప్పజెబుతాడు. మధ్యలో ఒక టీవీ ఇంటర్వ్యూలోని అతని గొంతు ముక్కలుగా వస్తుంది. తనకు ఏ సంగీతం నచ్చదో అక్కడ చెప్తున్నాడు. ఇప్పుడు మీరు ఎనభైల మధ్యలో మిలాన్‌లో ఉన్నారు. శాండ్‌విచ్ అమ్మే బారు ముందు స్కూటర్లు ఆపుకుని కుర్రాళ్లు నిలబడ్డారు, వాళ్లే పానినారోలు. కాళ్లకు టింబర్‌లాండ్ బూట్లు, ఒంటి మీద ఉబ్బెత్తు మోంక్లేర్ జాకెట్లు. నోట్లో శాండ్‌విచ్, చెవుల్లో ఇంగ్లిష్ పాప్. పారిస్ జాజూలకు వీళ్లు వరసకు తమ్ముళ్లవుతారు. వెనకవైపు పాటలు విడివిడిగా కొన్నవాళ్లకు ఈ చుట్టరికం కనబడటం కష్టం. ఒకే ప్లేటు మీద కొద్ది నిమిషాల తేడాతో విన్నప్పుడు తెలుస్తుంది.

ఈ పాటలను వినైల్ మీద పరవడానికి మూడు ప్లేట్లు ఎందుకో చెప్పాలి. ప్లేటు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు సాగిపోతుంది. లేబులు దగ్గరికొచ్చేసరికి అది 20కి పడిపోతుంది. అంతే శబ్దం సగం కన్నా తక్కువ చోటులో ఇరుక్కోవాలి. సింథసైజర్ల మెరుపు, డ్రమ్ మెషీన్ తాళాల పదును అక్కడే ముందుగా మొద్దుబారతాయి. ఒక్కో వైపు 22 నిమిషాలు దాటితే గాడి చుట్లను దగ్గరగా చెక్కాలి, దానికోసం ధ్వని తగ్గించాలి, బేస్ పలచబడుతుంది. రెండు గంటలు దాటిన సంగీతానికి ఆరు వైపులు కావలసిందే.

రెండో ప్లేటు తీయకముందే ‘ఐ వాంట్ ఎ డాగ్’ వస్తే కొంచెం ఆగి వినండి. చిన్న ఫ్లాటులో ఒంటరిగా ఉండే మనిషి తనకో బుజ్జి కుక్క కావాలంటాడు. విషయం అంతే. ఆ ఒంటరితనాన్ని బీటు ఎక్కడా ఓదార్చదు, పక్కనే నడుస్తుంది. ‘ద సౌండ్ ఆఫ్ ద ఆటమ్ స్ప్లిటింగ్’ పూర్తిగా వేరే లోకం. 1988లో నిర్మాతలు ట్రెవర్ హార్న్, స్టీఫెన్ లిప్సన్‌లతో స్టూడియోలో ఉండగా పుట్టిన పిచ్చి ఆట అది. ఆసిడ్ హౌస్ ఊగిసలాట మధ్య మాటలు చెదిరిపోతాయి. కొన్ని పాటలను, ఉదాహరణకు ‘వన్ ఆఫ్ ద క్రౌడ్’ను, ఒకసారి విని వదిలేయవచ్చు.

దాని జోడీ పాటను మాత్రం వదలకండి. ‘యువర్ ఫన్నీ అంకుల్’. 1989లో ‘ఇట్స్ ఆల్రైట్’ సింగిల్ వెనక దానితో పాటే వచ్చింది. రెండున్నర నిమిషాలు కూడా లేదు. డ్రమ్ములు ఆగిపోతాయి. అంతసేపూ కాలితో తాళం వేసిన మీరు కదలకుండా కూర్చుంటారు. ఎయిడ్స్‌తో పోయిన నీల్ స్నేహితుడి అంత్యక్రియలు జరుగుతున్నాయి. నల్లబట్టలు, కార్ల వరస, ఒకరినొకరు ఎలా పలకరించుకోవాలో తెలియని మనుషులు. పోయినవాడి బాబాయి ఒకాయన సైన్యంలో పనిచేసినవాడు. ఆ కుర్రాళ్ల తరం బతుకులు ఆయనకు ఎంత అర్థమయ్యాయో గానీ, వచ్చిన ప్రతి స్నేహితుడి దగ్గరికీ వెళ్లి మర్యాదగా పలకరిస్తున్నాడు. పాట ఆయన్నే చూస్తుంది. చివర్లో బైబిల్ ప్రకటన గ్రంథంలోని ఓదార్పు వాక్యాల వైపు తిరుగుతుంది. బ్రిటన్‌లో ఆ రోజుల్లో ఆ జబ్బు పేరు చెబితేనే జనం దూరం జరిగేవాళ్లు. అలాంటప్పుడు ఒక పాప్ బ్యాండ్ తన దుఃఖాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? వీళ్లు రేడియో అడగని చోట పెట్టారు. ఈ మూడు ప్లేట్లలో నా లెక్కకు ఇదే గొప్ప పాట.

మూడో ప్లేటుకు వచ్చేసరికి కాలం మారింది. తొంభైల్లో ఒకే సింగిల్‌ను రెండు మూడు రకాల సీడీలుగా అమ్మడం మొదలైంది, ప్రతి దానికీ అదనపు పాటలు కావాలి. వీళ్లు ఆ గిరాకీని నాటకరంగం వైపు మళ్లించారు. బ్రెహ్ట్, కుర్ట్ వైల్‌ల ‘త్రీపెన్నీ ఒపేరా’ నుంచి ఒక పాట, నోయెల్ కవర్డ్ 1929లో ‘బిట్టర్ స్వీట్’ కోసం రాసిన ‘ఇఫ్ లవ్ వర్ ఆల్’. స్టీఫెన్ సోండ్‌హైమ్ రాసిన ‘లూజింగ్ మై మైండ్’ను 1989లో లైజా మినెల్లీతో పాడించినదీ వీళ్లే, తమ గొంతుతో పాడినది ఈ సంకలనంలో ఉంది. డాన్సు ఫ్లోరు, పాతకాలపు రంగస్థలం ఒకే ఇంటి రెండు గదులని వీళ్ల నమ్మకం. నాకూ అదే నిజమనిపిస్తుంది. ‘సమ్ స్పెక్యులేషన్’తో 1994 ముగుస్తుంది, ముల్లు లేబులు దగ్గర ఆగుతుంది.

ఈ పాటలు ఇప్పుడు ఫోనులోనూ దొరుకుతాయి, పాత ఆల్బమ్‌ల కొత్త ముద్రణల్లో అక్కడొకటి ఇక్కడొకటిగా చెదిరి ఉన్నాయి. అలా ఏరుకుని వినకండి. వినైల్ చేతికి దొరక్కపోతే కనీసం ‘ఆల్టర్నేటివ్’ వరసలో, ‘ఇన్ ద నైట్’ నుంచి మొదలుపెట్టి, తేదీల క్రమంలో వినండి. ఒక్క పెద్ద హిట్టూ లేని ఈ సంకలనం ఆ ఆగస్టులో బ్రిటన్ ఆల్బమ్‌ల పట్టికలో 2వ స్థానం దాకా వెళ్లింది.