రంగం టేకు

గచ్చు కడిగినట్టు చెక్క నేల కడగకూడదని, నిజం చెప్పొద్దూ, కొత్తకోడలిగా నాకు తెలీదు. విశాఖ పాతబస్తీలో మా అత్తవారి మేడగది నేల రంగం టేకు పలకలు. సంక్రాంతికి శుభ్రం చేద్దామని బిందెడు నీళ్ళు గుమ్మరించాను. మా అత్తగారు కేకలెయ్యలేదు. పొడిగుడ్డతో ఒత్తి, "దీనికి నీళ్ళు పడవే, నూనె కావాలి" అన్నారంతే.

అవిసెనూనె పల్చగా రాసి, మిగిలింది తుడిచెయ్యాలి. ప్రాణవాయువుతో కలిసి అది గట్టిపడుతుంది, వేడీ పుడుతుంది. ఆ గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకోగలవు! అందుకే ఆవిడ వాటిని ఆరుబయట విడివిడిగా ఆరేసేవారు.

రంగమంటే రంగూన్. అక్కడి రేవులకీ బియ్యం మిల్లులకీ మన తీరం నుంచి వేలమంది వెళ్ళారు. మన కోరంగి రేవు పేరుతోనే వాళ్ళని 'కోరంగీ'లనేవారు. 1933లో విశాఖ హార్బరు తెరవకముందు ఓడలు దూరాన ఆగితే, మేకుల్లేకుండా కొబ్బరితాడుతో కుట్టిన మసూలా పడవలే మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకి చేర్చేవి.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. లక్షలమంది తిరుగుముఖం పట్టారు, చాలామంది అడవులూ కొండలూ దాటి కాలినడకన. ఈ పలకలు పంపిన మా అత్తగారి మామగారు ఆ దారిలోనే ఎక్కడో ఆగిపోయారట. ఆయన భార్య ఏటా తన చేత్తోనే ఈ నేలకి నూనె రాసేవారు, పనిమనిషిని ముట్టుకోనిచ్చేవారు కాదు. మా అత్తగారికి నేర్పిందీ ఆవిడే.

నేను నీళ్ళు పోసినచోట రెండు పలకలు ఇప్పటికీ కాస్త ఉబ్బే ఉన్నాయి.